‘బెగ్ ది క్వశ్చన్’ అను నాంగ్లపదబంధము

ఆంగ్లమున ‘బెగ్ ది క్వశ్చన్’ అను పదబంధము మిక్కిలి వాడుకలో నున్నది. ‘ఈ ప్రశ్న పుట్టుచున్నది’ యను నర్థమున దీనిని నేఁడు తఱచుగాఁ బ్రయోగించుచున్నారు. తర్కగ్రంథములయందు దీని యర్థము వేఱు. సాధింపవలసిన విషయమునే సిద్ధమైనదానిఁగా గ్రహించి, దానినే హేతువుగాఁ జూపు వాదదోషమున కిది పేరు. ఒక్క మాటకు నిట్లు రెండర్థములు కలుగుటకుఁ గారణము దాని చరిత్రమున నున్నది.

దీని మూలము గ్రీకుభాషలోనిది. అరిస్టాటిలు (క్రీ. పూ. 384–322) వివరించిన వాదపద్ధతిలో నొకఁడు ప్రశ్నించును, మఱియొకఁ డుత్తర మిచ్చును. ప్రశ్నించువాఁడు తనకుఁ గావలసిన యంశముల నొక్కొక్కటిగా నొప్పుకొమ్మని యెదుటివాని నడుగును. వాఁ డొప్పుకొనిన యంశములనుండియే తన సిద్ధాంతమును సాధింపవలయును. అట్లు గాక, మొదట వివాదమున కెక్కిన యంశమునే యొప్పుకొమ్మని యడిగినచో నది దోషము. ‘మొదటిదానిని అడుగుట’ యని గ్రీకునఁ దీని కర్థము. అరిస్టాటిలు ‘టాపిక్స్’ అను గ్రంథముయొక్క 8వ భాగమున నీ దోషము నైదు విధములుగా విభజించెను.

లాటినుతార్కికులు దీనిని ‘పెటీషియో ప్రిన్సిపీ’ యనిరి. 16వ శతాబ్ది చివరిభాగమున నాంగ్లేయులు ‘అడుగుట’కు ‘బెగ్’ అనియు, వివాదవిషయమునకు ‘క్వశ్చన్’ అనియు వ్రాసిరి. ఇచట ‘క్వశ్చన్’ అనఁగా జిజ్ఞాసచే నడుగు ప్రశ్న కాదు, విప్రతిపత్తికి విషయమైన యంశము. ‘బెగ్’ అనఁగా బిచ్చమెత్తుట కాదు, సాధింపకయే యిమ్మనుట. ఆ వాదపద్ధతి మఱుఁగుపడిన పిమ్మట నీ పారిభాషికార్థములును మఱుఁగుపడెను. చదువరులు పదములకుఁ బ్రసిద్ధార్థములనే గ్రహించి, ‘ప్రశ్నను గోరుచున్నది’ యని యన్వయించుకొనిరి. కావున నూతనార్థమునకు బీజ మనువాదముననే యున్నది. 1926లో వెలువడిన ఫౌలరుగారి ‘మోడరన్ ఇంగ్లీష్ యూసేజ్’ అను గ్రంథము ప్రాచీనార్థమునే చెప్పినది.

దీనికి సంస్కృతమున ‘సాధ్యసమము’ పర్యాయమని కొందఱందురు. అది పూర్తిగా సరిపడదు. ఛాయకు గమనము గలదు గావున నది ద్రవ్యమని వాత్స్యాయనుఁ డిచ్చిన యుదాహరణము. ఇందు ఛాయకు గమనము గలదనుటయే యసిద్ధము. కాని గమనము వేఱు, ద్రవ్యత్వము వేఱు. సాధ్యమే హేతువైనది కాదు. తర్వాతి నైయాయికులు దీని నసిద్ధమున నంతర్భవింపఁజేసిరి. ఆంధ్రుఁడైన యన్నంభట్టును తర్కసంగ్రహమున నసిద్ధమనియే పరిగణించెను. ఆంగ్లపదముయొక్క భావమునకు మహాభాష్యమున వృద్ధిసంజ్ఞాసూత్రముకడఁ బతంజలి చర్చించిన యితరేతరాశ్రయము దగ్గఱ. ఒక నావకుఁ గట్టిన నావ మఱియొకదానిని దరి చేర్పజాలదని భాష్యకారుని దృష్టాంతము. కాని యితరేతరాశ్రయమునకు రెండంశములు గావలయును. ఒక్క యంశమే మాట మార్చుకొని హేతువై వచ్చినచో దాని నాత్మాశ్రయ మనుట యుక్తము.

ఈ భేదము వాఙ్మయపరిశోధకులకు మిగుల నవసరము. ‘ఈ కావ్యము ప్రాచీనము, దీని భాష ప్రాచీనమగుటచేత’ నని యొకఁడు వ్రాసెననుకొందము. ఆ భాష ప్రాచీనమని యెట్లు తెలియునని యడుగఁగా, ‘ఈ కావ్యమున నుండుటచేత’ నని యతఁడు చెప్పినచో వాద మడుగైనను ముందునకు సాగలేదు. శాసనమో, కాలము నిర్ణీతమైన మఱియొక గ్రంథమో తోడు కావలయును. ఇట్టి వాదమునే ‘బెగ్స్ ది క్వశ్చన్’ అనవలయును.

కావున నాంగ్లమున శాస్త్రీయముగా వ్రాయువారు, ప్రశ్న పుట్టుచున్నదని చెప్పఁదలఁచినచో ‘రెయిజెస్ ది క్వశ్చన్’ అని వ్రాయుట మేలు. దోషమును జూపఁదలఁచినచోఁ బ్రాచీనపదమును వాడి, ఏ యంశము సాధింపఁబడకయే గ్రహింపఁబడెనో వెంటనే పేర్కొనవలయును. తెనిఁగించువారు ‘ప్రశ్నను యాచించుట’ యని మాటకు మాట పెట్టక, ‘సాధ్యమునే హేతువుగాఁ జెప్పుట’ యని వ్రాసినచో, ఆంగ్లమెఱుఁగని పాఠకునకును వాదమున లోపమెచ్చట నున్నదో తెలియును.