ప్రయోగశాల నుండి విత్తన విపణికి: రాబర్ట్ ఫ్రేలీ

ద్రాక్ష, గులాబీ మున్నగు మొక్కల కాండపు మొదట ఒక్కొక్కప్పుడు కణితులు పుట్టుచుండును. నేలలో నివసించు ఆగ్రోబాక్టీరియమ్ అను సూక్ష్మజీవి గాయమునొద్ద చేరి, తన జన్యుపదార్థములో కొంత భాగమును మొక్క కణములోనికి చొప్పించుటయే ఇందుకు కారణము. కణితి పుట్టించు జన్యువులను తీసివేసి, మనకు వలసిన జన్యువును ఈ సూక్ష్మజీవి ద్వారా మొక్కలోనికి పంపరాదా? 1980 ప్రాంతమున పెక్కుమంది శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచుండిరి. వారిలో రాబర్ట్ ఫ్రేలీ ఒకరు.

ఫ్రేలీ 1953లో జన్మించి, అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రమున వ్యవసాయ కుటుంబములో పెరిగెను. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, 1981లో సెయింట్ లూయిస్ నగరమునందలి మొన్సాంటో కంపెనీలో చేరెను. అది అప్పటికి ప్రధానముగ రసాయనముల కంపెనీ. అచట ఆయన, రాబర్ట్ హార్ష్, స్టీఫెన్ రోజర్స్ కలిసి పెటూనియా కణములపై ప్రయోగములు చేసిరి. కానమైసిన్ అను మందు ఆ కణములను చంపును. ఆ మందును నిర్వీర్యము చేయు బాక్టీరియా జన్యువును పొందిన కణములు మాత్రము బ్రతికి పెరిగినవి. జన్యువు చేరి, పని చేయుచున్నదనుటకు అదియే సాక్ష్యము. 1983 జనవరిలో మయామీ నగరమున జరిగిన సమావేశములో ఈ బృందము తన ఫలితములను ప్రకటించెను. మేరీ డెల్ చిల్టన్ బృందము, బెల్జియమునకు చెందిన షెల్, వాన్ మాంటాగు బృందము కూడ అచటనే తమ ఫలితములను తెలిపినవి.

ఇచటినుండి ఫ్రేలీ క్రమముగ కంపెనీ నిర్వహణలోనికి ప్రవేశించి, తుదకు దాని సాంకేతిక విభాగమునకు అధిపతి అయ్యెను. మొన్సాంటో 1974 నుండి గ్లైఫోసేట్ అను కలుపుమందును అమ్ముచుండెను. ఈ మందు కలుపుతోబాటు పైరును కూడ చంపును. దీనికి లొంగని జన్యువు ఎక్కడ దొరకెను? లూయీసియానాలో ఆ మందును తయారుచేయు కర్మాగారపు వ్యర్థజలములలో బ్రతుకుచున్న ఒక బాక్టీరియాలో దొరకెను! ఆ జన్యువు గల సోయాచిక్కుడు 1996లో రైతులకు చేరెను. రైతు ఆ పంటనుండి విత్తనము దాచుకొనరాదని కంపెనీ ఒప్పందము వ్రాయించుకొనెను. జన్యువునకు పేటెంటు హక్కు ఉండుటచే విత్తనము ఏటేట కొనవలసిన సరకయ్యెను.

ఈ సమస్య మన రైతులను కూడ తాకినది. పురుగును చంపు ప్రోటీనును తయారుచేయు బాక్టీరియా జన్యువు గల బీటీ ప్రత్తిని భారతదేశము 2002లో అనుమతించెను. 450 గ్రాముల విత్తన సంచి వెల సుమారు 1,850 రూపాయలకు చేరగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్తవ్యాపార నిరోధక కమిషన్‌ను ఆశ్రయించెను. ఆ ఏడే వెల 750 రూపాయలకు తగ్గెను.

ప్రకృతియు ఊరకుండలేదు. ఒకే మందును విరివిగా చల్లుటవలన, దానికి లొంగని అడవి తోటకూర 2005లో అమెరికాలోని జార్జియాలో కనిపించెను. 2009లో గుజరాతులో గులాబీరంగు పురుగు మొదటి బీటీ ప్రత్తిని తట్టుకొనెను. లక్షల పురుగులలో ఏ కొన్నింటికో సహజముగ నిరోధశక్తి ఉండును. తక్కినవి చావగా అవియే వృద్ధి పొందును.

2013లో చిల్టన్, వాన్ మాంటాగులతోబాటు ఫ్రేలీకి ప్రపంచ ఆహార బహుమతి లభించెను. దానిని మెచ్చినవారును, విమర్శించినవారును కలరు. 2018లో మొన్సాంటోను జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ కొనగా, ఫ్రేలీ ఆ ఏడే పదవి విడిచెను. పెటూనియా కణముతో మొదలైన పని పొలమునకు చేరుటకు వాణిజ్యము తోడ్పడినది. కాని విత్తనపు వెలను అదుపుచేయుటకు ప్రభుత్వమును, మారుచున్న పురుగును గమనించుటకు రైతును, శాస్త్రజ్ఞుడును నేటికిని అవసరమే.