సగం బెర్తు

మార్చి నెల వచ్చిందంటే అమెరికాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో కూడా ఒక లెక్కల జ్వరం మొదలవుతుంది. కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ పోటీలో ఎవరు గెలుస్తారన్నది తరవాతి సంగతి. అసలు ఆ పోటీలో ఎవరికి చోటు దొరుకుతుందన్నది ముందు తేలాలి. 1939లో 8 జట్లతో మొదలైన ఆ పోటీ 1985లో 64 జట్లకు, 2011లో 68 జట్లకు పెరిగింది. మూడు వందల యాభైకి పైగా కాలేజీలు ఆ చోట్ల కోసం చలికాలమంతా ఆడతాయి. తమ తమ కాన్ఫరెన్సుల్లో నెగ్గినవాళ్ళకు చోటు దానంతటదే వస్తుంది. మిగిలిన చోట్లను ఒక కమిటీ కూర్చుని పంచి, మార్చిలో ఒక ఆదివారం జాబితా బయటపెడుతుంది. ఆ కమిటీ మనసులో ఏముందో ముందే చెప్పడం అక్కడ కొందరికి వృత్తి, లక్షల మందికి కాలక్షేపం.

ఆ కమిటీ 1981 నుంచి 2018 దాకా వాడిన కొలబద్ద ఒకటుంది. జట్టుకు మార్కు వేసేటప్పుడు దాని సొంత గెలుపులకు నాలుగోవంతు విలువ, అది ఎదుర్కొన్న జట్ల గెలుపులకు సగం, ఆ జట్లు ఎదుర్కొన్న జట్ల గెలుపులకు మిగిలిన నాలుగోవంతు. అంటే మార్కులో ముప్పావు భాగం జట్టు నేరుగా సంపాదించేది కాదన్న మాట. ఎవరితో ఆడావు, వాళ్ళు ఇంకెవరితో ఆడారు అన్నదాని మీద అంత భారం పెట్టారు. 2018–19 సీజను నుంచి దాని స్థానంలో వేరే పద్ధతి తెచ్చారు. జోస్యం చెప్పేవాళ్ళు తమ లెక్కలు మళ్ళీ మొదటినుంచి రాసుకోవలసి వచ్చింది.

ఎవరికి చోటు దొరుకుతుందో చెప్పదలచుకున్నవాడు ముందు నిబంధన చదవాలి, తరవాత పాయింట్ల పట్టిక చూడాలి, జట్ల బలాబలాల గురించి ఆ తరవాతే మాట్లాడాలి అని నా అభిప్రాయం. దీనికి నాకు దొరికిన మంచి సాక్ష్యం అమెరికాలో కన్నా నేనుంటున్న బహ్రెయిన్‌లోనే ఉంది.

మనామా నగరంలో మాది గుదైబియా. ఆ పేరు చెబితే స్థానికులకు రాజభవనం గుర్తుకొస్తుంది. మనవాళ్ళకు మాత్రం ఇరుకు వీధులు, మలయాళీల కేఫెటేరియాలు, ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకునే కాపురాలు గుర్తుకొస్తాయి. కాలేజీ బాస్కెట్‌బాల్ ఊసు ఇక్కడ ఎవరికీ పట్టదు. మనకు క్రికెట్, ఇక్కడివాళ్ళకు ఫుట్‌బాల్. అయితే ఈ చిన్న ద్వీపం ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గడపదాకా వెళ్ళి వెనక్కి వచ్చిన కథ, చోటు లెక్కలు నేర్చుకోదలచినవాడికి ఒక మంచి పాఠ్యపుస్తకం.

మొదటి అధ్యాయం 2001 అక్టోబరు 21. ఆసియా ఆఖరి రౌండులో ఆ రోజుకి బహ్రెయిన్ ఆశలు ఎప్పుడో అడుగంటాయి. గ్రూపులో ఇరాన్‌కు 15 పాయింట్లు, సౌదీ అరేబియాకు 14. ఇరాన్ మనామాలో బహ్రెయిన్‌ను ఓడిస్తే నేరుగా ప్రపంచ కప్పుకు వెళ్ళిపోతుంది. బలాబలాలు చూసినవాడు ఎవడైనా ఇరాన్ పేరే చెప్పి ఉండేవాడు. బహ్రెయిన్ 3–1తో గెలిచింది. అదే రోజు సౌదీ థాయిలాండ్‌ను ఓడించి బెర్తు పట్టుకుపోయింది. ఇరాన్ ప్లేఆఫ్‌లు ఆడి, చివరికి ఐర్లాండు చేతిలో ఓడి ఇంట్లో కూర్చుంది. తనకు చోటు లేని జట్టు ఇంకొకరి చోటు తేల్చిందన్న మాట.

రెండో అధ్యాయం 2005. అంతకు ముందు ఏడాది ఆసియా కప్పులో నాలుగో స్థానం సంపాదించిన జట్టు అది. ఆ ప్రపంచ కప్పుకు ఆసియాకు ఇచ్చిన చోట్లు నాలుగున్నర. సగం చోటు ఏమిటని అడుగుతారేమో, మన రైళ్ళలో ఆర్‌.ఏ.సి. టికెట్టు ఎరిగినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకే బెర్తు మీద ఇద్దరు కూర్చుంటారు, చివరికి పడుకునే అదృష్టం ఒక్కరిదే. ఆసియాలో అయిదో జట్టు ఇంకో ఖండం జట్టుతో తలపడి గెలిస్తే ఆ సగం పూర్తి బెర్తవుతుంది.

ఆఖరి రౌండులో జపాన్, ఇరాన్, ఉత్తర కొరియా ఉన్న గ్రూపులో బహ్రెయిన్ 6 ఆటలు ఆడింది. ఒకటి గెలిచింది, ఒకటి డ్రా చేసుకుంది, నాలుగు ఓడిపోయింది. మొత్తం 4 పాయింట్లు. ఉత్తర కొరియాకు 3 మాత్రమే వచ్చాయి కాబట్టి బహ్రెయిన్‌ది మూడో స్థానం. మూడో స్థానానికి సగం బెర్తు తలుపు తెరిచి ఉంది.

రెండో గ్రూపులో మూడోదైన ఉజ్బెకిస్తాన్‌తో ముందు ఆడాలి. 2005 సెప్టెంబరు 3న తాష్కెంట్‌లో ఉజ్బెకిస్తాన్ 1–0తో గెలిచింది. ఆ ఆటలో వాళ్ళు ఒక పెనాల్టీని గోలు చేశారు గానీ, తన్నకముందే వాళ్ళ ఆటగాడొకడు పెనాల్టీ పెట్టెలోకి జొరబడ్డాడు. నిబంధన ప్రకారం పెనాల్టీ మళ్ళీ తన్నించాలి. రిఫరీ అలా చేయకుండా బహ్రెయిన్‌కు ఫ్రీ కిక్ ఇచ్చాడు. ఉజ్బెకిస్తాన్ ఫిర్యాదు చేసి, తమకు 3–0 గెలుపు ఇవ్వమని అడిగింది. ఫిఫా ఏకంగా ఆటనే రద్దు చేసి మళ్ళీ ఆడమంది. చేతిలో ఉన్న గెలుపు పోయింది! అక్టోబరు 8న మళ్ళీ ఆడితే 1–1. అక్టోబరు 12న ఇక్కడ 0–0. మొత్తం సమానమే అయినా పరాయి గడ్డ మీద కొట్టిన గోలుకు ఎక్కువ విలువ అన్న నిబంధనతో బహ్రెయిన్ ముందుకు పోయింది.

ఇక మిగిలింది ట్రినిడాడ్–టొబాగో. నవంబరు 12న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 1–1. ఇప్పుడు లెక్క చాలా సులువు. సొంత మైదానంలో ఒక్క గోలూ పడకుండా డ్రా చేసుకున్నా చాలు, అదే నిబంధన బహ్రెయిన్‌ను ప్రపంచ కప్పుకు తీసుకుపోతుంది. నవంబరు 16న రెండో సగం మొదట్లో డెనిస్ లారెన్స్ తలతో కొట్టిన గోలు ఆ లెక్కను చెరిపేసింది. 0–1. పదమూడు లక్షల జనాభా ఉన్న ట్రినిడాడ్ అప్పటికి ప్రపంచ కప్పుకు వెళ్ళిన అతి చిన్న దేశమయింది. బహ్రెయిన్ గెలిచి ఉంటే ఆ మాట దీనికే దక్కేది.

మూడో అధ్యాయం 2009. మళ్ళీ మూడో స్థానం, మళ్ళీ సగం బెర్తు. ఈసారి ఎదురుగా సౌదీ. సెప్టెంబరు 5న ఇక్కడ 0–0, 9న రియాద్‌లో 2–2. ఆట ముగిసే వేళకు, ఇంజురీ టైంలో, సౌదీ రెండో గోలు కొట్టి సంబరాలు మొదలుపెట్టింది. ఆ సంబరం ఇంకా చల్లారకముందే ఇస్మాయిల్ అబ్దుల్ లతీఫ్ తలతో కొట్టి సమం చేశాడు. పరాయి గడ్డ నిబంధన రెండోసారి బహ్రెయిన్‌ను గట్టెక్కించింది. తరవాత న్యూజిలాండ్‌తో ఇక్కడ 0–0. నవంబరు 14న వెల్లింగ్టన్‌లో రోరీ ఫాలన్ గోలుతో 0–1. రెండో సగంలో బహ్రెయిన్‌కు పెనాల్టీ దొరికింది. అది గోలయి ఆట 1–1గా ముగిస్తే అదే నిబంధన మూడోసారి పనిచేసేది. గోల్‌కీపర్ మార్క్ పాస్టన్ దాన్ని ఆపేశాడు. ఆ తరవాత 2021లో యూరప్ క్లబ్బు పోటీల్లో ఈ నిబంధననే ఎత్తేశారు. ఇది లేకపోతే బహ్రెయిన్ ఆ రెండుసార్లూ అదనపు సమయం, అవసరమైతే పెనాల్టీలు ఆడి తేల్చుకోవలసి వచ్చేది.

నాలుగో అధ్యాయం అన్నిటికన్నా విచిత్రం. 2012 ఫిబ్రవరి 29. గ్రూపులో ఇరాన్ అప్పటికే ముందుకు పోయింది. ఖతర్‌కు 9 పాయింట్లు, బహ్రెయిన్‌కు 6, చెరి ఒక ఆట మిగిలింది. బహ్రెయిన్ గెలిచి ఖతర్ ఓడితే పాయింట్లు సమానం. అప్పుడు గోల్స్ తేడా చూస్తారు, అందులో బహ్రెయిన్ తొమ్మిది వెనక ఉంది. ఫుట్‌బాల్‌లో తొమ్మిది గోల్స్ అంటే ఆశ వదులుకోమని అర్థం. ఇండోనేషియా ఆ రోజు బలహీనమైన జట్టును పంపింది, ఆట మొదలైన కాసేపటికే వాళ్ళ గోల్‌కీపర్‌కు ఎర్ర కార్డు పడింది. బహ్రెయిన్ 10–0తో గెలిచింది. ఇంత అసాధారణమైన ఫలితాన్ని పరిశీలిస్తామని ఫిఫా కూడా అంది. కానీ టెహరాన్‌లో ఓడిపోతున్న ఖతర్ చివరి నిమిషాల్లో గోలు కొట్టి 2–2 చేసుకుంది. ఒక్క పాయింటు వచ్చింది, చాలింది. పది గోల్స్ కొట్టి కూడా బహ్రెయిన్ ఇంటికే.

ఈ లెక్కల వెనక ఒక చిన్న గణితం ఉంది, నా వృత్తి వల్ల దాని మీద మోజు. నాలుగు జట్ల గ్రూపులో రెండు రోజుల ఆటలు మిగిలాయంటే నాలుగు ఆటలు. ఒక్కో ఆటకు గెలుపు, ఓటమి, డ్రా అని మూడు దారులు కాబట్టి మొత్తం 81 దారులు. ఆరు జట్లయితే ఆరు ఆటలు, 729 దారులు. గోల్స్ తేడా సంగతి పక్కన పెడితే ఇవన్నీ కాగితం మీద కాకపోయినా కంప్యూటరు మీద రెప్పపాటులో రాసి చూడొచ్చు. పెద్ద లీగులో వందల ఆటలు మిగిలితే అలా కుదరదు. 1966లో బెంజమిన్ ష్వార్ట్స్ అనే గణితవేత్త దీనికి ఒక ఉపాయం చెప్పాడు. మిగిలిన ఆటల గెలుపులను గొట్టాల్లో నీళ్ళలా పారించి చూస్తే, ఒక జట్టుకు అగ్రస్థానం ఇంకా అందుబాటులో ఉందో లేదో త్వరగా తేలిపోతుంది. గెలుపుకు 2, డ్రాకు 1 ఇచ్చే పాత ఫుట్‌బాల్ లెక్కకూ ఇది సరిపోతుంది. ఎలా ముగిసినా ప్రతి ఆటా మొత్తం రెండు పాయింట్లే పంచుతుంది గనక.

1994 ప్రపంచ కప్పు నుంచి గెలుపుకు 3 ఇస్తున్నారు. ఇప్పుడు గెలుపు ఉన్న ఆట మూడు పాయింట్లు పంచితే డ్రా రెండే పంచుతుంది. పారే నీళ్ళ మొత్తమే మారిపోతుంది. ఈ కొత్త పద్ధతిలో అదే ప్రశ్నకు అన్ని సందర్భాల్లోనూ త్వరగా జవాబిచ్చే ఉపాయం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదని, దొరకడం కూడా దుర్లభమని కంప్యూటరు శాస్త్రజ్ఞులు 2001 నాటికే చూపించారు. ఆట దూకుడుగా సాగాలని ఒక పాయింటు పెంచితే, లెక్క కట్టేవాడికి కొండంత పని పడింది.

మన క్రికెట్ సంగతీ ఇంతే. 2019 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ 14 ఆటల్లో 6 గెలిచి 8 ఓడింది. గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. కోల్‌కతా, పంజాబ్ కూడా అదే 12 పాయింట్ల దగ్గర ఆగాయి. మే 5న ముంబయి కోల్‌కతాను ఓడించాక నెట్ రన్‌రేటు పుణ్యమా అని నాలుగో బెర్తు హైదరాబాద్‌కు దక్కింది. అంతకు ముందు ఏ జట్టూ 12 పాయింట్లతో ప్లేఆఫ్స్ చేరలేదు. సీజను మొదట్లో '12 సరిపోతాయి' అన్నవాణ్ణి మా గుదైబియా కేఫెటేరియాలో చాయ్ తాగుతూ అందరూ నవ్వి ఉండేవాళ్ళు.

ఇప్పుడు అయిదో అధ్యాయం. 2026 ప్రపంచ కప్పుకు జట్లను 32 నుంచి 48కి పెంచారు. ఆసియా చోట్లు ఎనిమిదిన్నర అయ్యాయి. ఇక బహ్రెయిన్‌కు ఢోకా లేదనుకున్నవాళ్ళున్నారు. 2024 సెప్టెంబరు 5న ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 1–0తో ఓడించినప్పుడు ఆ ధీమా ఇంకా పెరిగింది. 2025 జనవరిలో గల్ఫ్ కప్పు కూడా గెలిచారు. కానీ ఆ ఆరు జట్ల గ్రూపులో ఆస్ట్రేలియా మీద వచ్చిన గెలుపే మొదటిదీ, ఆఖరిదీ అయింది. 10 ఆటల్లో 1 గెలుపు, 3 డ్రాలు, 6 ఓటములు, 6 పాయింట్లు, ఆఖరి స్థానం. మొదటి ఇద్దరికి నేరుగా చోటు, తరవాతి ఇద్దరికి ఇంకో అవకాశం, మిగిలిన ఇద్దరు ఇంటికి.

రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2005లో ఒక్క గెలుపు, సగటున ఆటకు ముప్పావు పాయింటు కూడా లేదు, అయినా ప్రపంచ కప్పు ఒక్క గోలు దూరంలో ఆగింది. 2025లోనూ ఒక్క గెలుపే, సగటు కూడా ఇంచుమించు అంతే, చోట్లు దాదాపు రెట్టింపు, అయినా ఆఖరి స్థానం. నాలుగు జట్ల గ్రూపులో తనకన్నా వెనకబడ్డవాడు ఒక్కడుంటే చాలింది. ఆరు జట్ల గ్రూపులో ఇద్దరుండాలి, ఒక్కడూ లేడు.

ఇదంతా ఆటల గొడవే కదా అంటారేమో. చోటు లెక్కలతోనే బతుకులు మలుపు తిరిగినవాళ్ళం మనం. ఎంసెట్ ర్యాంకులు, కన్వీనరు కోటా సీట్లు, అమెరికా వీసా లాటరీలు, గ్రీన్‌కార్డు వరుసలు, ఇక్కడైతే వర్క్ పర్మిట్లు. సీటు వచ్చిన పిల్లవాణ్ణి మేధావి అంటాం, రానివాణ్ణి చదవలేదంటాం. ఆ ఏడు సీట్లెన్ని, పోటీ పడ్డవాళ్ళెందరు, నిబంధన ఎప్పుడు మారింది అని అడగడం తక్కువ. కష్టం అక్కర్లేదని కాదు. 2005లో ఆ ఒక్క గెలుపూ లేకపోతే బహ్రెయిన్‌కు ఆ మూడో స్థానమే ఉండేది కాదు. కష్టం గడపదాకా తీసుకొస్తుంది. గడప ఎత్తు మాత్రం ఇంకెవరో నిర్ణయిస్తారు. గడప తగిలి ఆగిపోయిన పిల్లవాడితో మాట్లాడేటప్పుడు మనం ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

2025 నవంబరు 18న కురసావ్ అనే కరీబియన్ ద్వీపం జమైకాతో 0–0 డ్రా చేసుకుని ప్రపంచ కప్పు బెర్తు సంపాదించింది. జనాభా లక్షన్నర. ఒకప్పుడు ట్రినిడాడ్‌కు, ఆ తరవాత ఐస్‌లాండుకు ఉన్న 'అతి చిన్న దేశం' అన్న పేరు ఇప్పుడు దానిది. బహ్రెయిన్ నాలుగు ఆటల్లో ఒక్క గోలు కోసం వెతికిన చోటును, అది ఆ రోజు గోలు కొట్టకుండానే అందుకుంది.