జీడితొక్క, రాతినార, ముగ్గురాయి: బ్రేకు ప్యాడ్ కథ

అడ్డురోడ్డు దగ్గర షెడ్డులో మెకానిక్ నా కారు ముందు చక్రం విప్పి, అరిగిన ప్యాడ్ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. ఇనుప రేకు మీద మిగిలిన నల్లటి పొర రెండు గోళ్ల మందం కూడా లేదు.

"ఇంకో రెండుసార్లు లంబసింగి ఎక్కి దిగుంటే ఇనుమూ ఇనుమూ రాసుకునీవి బాబూ. అప్పుడు డిస్కు కూడా పోయీది" అన్నాడు.

తర్వాత నా ముందు రెండు పెట్టెలు పెట్టాడు. ఒకటి కారు కంపెనీది. రెండోది అందులో సగం ధరకే వస్తుంది, కానీ పెట్టె మీద బొమ్మ తప్ప అంకె గానీ అక్షరం గానీ లేవు. ఏది వెయ్యమంటారని అడిగాడు. వెంటనే చెప్పలేకపోయాను. పోయిన చలికాలం అలాంటి చవక పెట్టెలోవే ఎక్కడో వేయించుకుని కొండ దిగాను. సగం దారిలో కాలిన వాసన పట్టుకుంది. పెడల్ ఎంత గట్టిగా తొక్కినా బండి వేగం తగ్గలేదు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. అలా దాటిన రెండు మలుపులూ నాకు ఇప్పటికీ కలలోకొస్తాయి. ఈ నల్లటి పొరలో అసలు ఏముంటుంది, అందులోకి ఎలా వచ్చింది అని వెతకడం అప్పుడే మొదలుపెట్టాను. వెతికిన కొద్దీ అందులో మన కొండలూ మన తోటలూ కనిపించాయి.

మా ఊరు ఎస్.రాయవరం. ఆ పేరులోని 'ఎస్' అంటే సర్వసిద్ధి. ఇంగ్లీషువాళ్ల రోజుల్లో విశాఖపట్నం జిల్లాలో సర్వసిద్ధి పేరుతో ఒక తాలూకాయే ఉండేది. 1862 సెప్టెంబరు 21న గురజాడ అప్పారావు పుట్టింది ఈ ఊళ్లోనే, మేనమామ గారింట. ఆయన పుట్టేనాటికి ప్రపంచంలో పెట్రోలు కారు లేదు. ఆయనకు ఇరవయ్యారో ఏడు నడుస్తుండగా, ఇక్కడికి వేల మైళ్ల దూరాన జర్మనీలో ఒక ఇల్లాలు కారుకు తొలి బ్రేకు లైనింగు వేయించింది.

ఆమె బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో భర్త కార్ల్ బెంజ్‌తో మాటమాత్రమైనా చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆ బండికి బ్రేకంటే చక్రానికి ఒరుసుకునే చెక్కదిమ్మ. దిగుడుల్లో ఆ చెక్క అరిగిపోయింది. దారిలో ఒక ఊళ్లో చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి, దిమ్మల మీద తోలు ముక్కలు మేకులతో కొట్టించింది. చక్రానికి నేరుగా తగిలే చోట, అరిగిపోతే తీసి పారేసి మళ్లీ వేసుకునే వేరే పొర ఒకటి ఉండాలన్న ఆలోచన కారుకు అలా వచ్చింది. ప్యాడ్ మార్చుకోవడమనే పని కారుతో పాటే పుట్టిందన్నమాట.

దీనికి పరిశ్రమ రూపమిచ్చిన మనిషి ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల వాడు, హెర్బర్ట్ ఫ్రూడ్. అక్కడి రైతులు గుర్రపు బండ్లు కొండ దిగేటప్పుడు చెక్కదిమ్మ మీద పాత బూట్ల తోలు బిగించడం ఆయన చూశాడు. 1897లో తన ప్రయోగాలు మొదలుపెట్టాడు. పత్తి నేతపట్టీలను జిగురు పదార్థాల్లో నానబెట్టి, గట్టిపరచి, దిమ్మలుగా అమ్మాడు. ఫ్రూడ్ అన్న ఇంటిపేరు అక్షరాలకు భార్య ఎలిజబెత్ పేరులోని 'ఇ' చేర్చి, తారుమారు చేస్తే ఫెరోడో అయింది. ఇప్పటికీ దుకాణాల్లో ఆ పేరుతో పెట్టెలు దొరుకుతాయి.

నేతపట్టీకి ఒకటే తంటా: వేడికి మాడిపోతుంది. మోటారు బండ్ల బరువు, వేగం పెరిగే కొద్దీ పత్తి తట్టుకోలేకపోయింది. నిప్పులో వేసినా కాలని నార కావాలి. అది రాళ్లలో దొరికింది. 1908 నాటికి ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్ వాడకం మొదలుపెట్టాడు.

ఆస్‌బెస్టాస్‌ను మనవాళ్లు రాతినార అంటారు. పేరు పెట్టినవారెవరో గానీ, ఆ ఖనిజాన్ని చేత్తో పట్టి చూసి పెట్టి ఉంటారు. రాయిని గిల్లితే పీచులుగా ఊడివస్తుంది. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె పరిసరాల్లో, వేంపల్లె రాతి పొరల్లోకి ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట లోపలి నుంచి కరిగిన నల్లరాయి చొరబడింది. ఆ వేడికి అంచుల్లో పుట్టిందే అక్కడి రాతినార. భూవిజ్ఞానులు క్రిసోటైల్ అని పిలిచే రకం. ప్రపంచమంతా ఎనభై ఏళ్ల పాటు బ్రేకు లైనర్లలో నింపుకున్నదీ ప్రధానంగా ఈ క్రిసోటైల్ రకమే.

ఇక్కడ నా మనసును నొప్పించే విషయం ఒకటుంది. రాతినార పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్‌బెస్టోసిస్, వాటి పైపొరకు వచ్చే క్యాన్సర్ ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత బయటపడతాయి. గనిలో తవ్విన కూలీకి, ఫ్యాక్టరీలో కలిపిన కార్మికుడికి, రోడ్డు పక్క షెడ్డులో డ్రమ్ము విప్పి ఫూ అని ఊదిన కుర్రాడికి ప్రమాదం ఒకటే. యూరోపియన్ యూనియన్ దేశాలు 2005 నాటికి దీన్ని నిషేధించాయి. అమెరికా 2024లో క్రిసోటైల్‌ను నిషేధిస్తూ బజారులో విడిగా అమ్మే బ్రేకు భాగాలనూ అందులో చేర్చింది. మన దేశంలో 1986లో కొత్త గనుల లీజులు ఆపేశారు. ఇప్పుడు పేరున్న కంపెనీలు ఆస్‌బెస్టాస్ లేదని పెట్టె మీదే రాస్తాయి. రాయని పెట్టెల్లో ఏముందో మీకూ నాకూ తెలియదు. అందుకే షెడ్డులో గాలి పైపుతో బ్రేకు పొడి దులుపుతుంటే నేను వద్దంటాను. తడిగుడ్డతో తుడవమంటాను. "ఇరవయ్యేళ్లుగా ఇంతే కదా బాబూ" అంటారు. ఆ మాటకు భయం ఇంకా ఎక్కువవుతుంది.

రాతినారతో పాటు ఆ పొరలోకి ఇంకొకటి వచ్చింది. అది మన మెట్టలకు బాగా తెలిసిన చెట్టుది.

జీడి. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చి పడమటి తీరంలో నాటారు. అది తూర్పు తీరానికీ వచ్చి, నర్సీపట్నం చుట్టుపక్కల ఎర్రమెట్టల్లోనూ, పలాస వైపునా మన చెట్టే అన్నంతగా స్థిరపడిపోయింది. పప్పు వలిచే ఆడవాళ్ల చేతులు చూసినవారికి దాని తొక్కలోని నూనె సంగతి చెప్పక్కర్లేదు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే చేతులకు బూడిదో నూనో పూసుకుని వలుస్తారు. ఒళ్లు కాల్చే ఆ నూనే 1920లలో అమెరికాలో మార్టిమర్ హార్వే అనే రసాయన శాస్త్రవేత్త చేతిలో పడింది. దాన్ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి ఉడికిస్తే గట్టి రెజిన్ అవుతుంది. ఆ రెజిన్‌ను పొడిగొట్టి బ్రేకు లైనర్‌లో కలిపితే వేడెక్కినప్పుడు కూడా పట్టు సమంగా ఉంటుంది, కీచుమనే చప్పుడు తగ్గుతుంది. వందేళ్ల తర్వాత కూడా దీనికి సాటివచ్చే సరుకు చవకగా దొరకడం లేదు. ప్రపంచంలో చాలా కార్ల ప్యాడ్లలో జీడితొక్క నూనెతో చేసిన ఈ పొడి ఉంది. పప్పు పెళ్లి విందుకు పోతే, తొక్క కారు చక్రానికి పోతోంది.

మూడోది ముగ్గురాయి. బేరియం ఖనిజం, బెరైటీస్. రాయలసీమలో ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేట నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. అక్కడి రాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి ఎగుమతి అవుతుంది. అదే ఖనిజాన్ని మెత్తగా నూరి ప్యాడ్లలో నింపుతారు. బరువైనది, వేడికి చలించనిది, ఇతర పదార్థాలతో పేచీ పెట్టుకోనిది. వీటికి తోడు జారుడు కోసం గ్రాఫైట్. నర్సీపట్నం పైనున్న తూర్పు కనుమల రాతికి భూవిజ్ఞానులు 1902లో ఖోండ్ గిరిజనుల పేరు మీద ఖోండలైట్ అని పేరు పెట్టారు. ఆ రాతిలో గ్రాఫైట్ రేకులు మెరుస్తూ కనిపిస్తాయి. దిగుడులో బ్రేకు తొక్కుతున్నప్పుడు, బయటి కొండలో ఉన్న సరుకే చక్రం లోపలా ఉంటుంది.

ఆ కొండదారి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి బలవంతపు చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటు వెనక ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. చలికాలంలో మంచు చూడడానికి మనం అర్ధరాత్రి బయల్దేరి ఎక్కేది ఆ దారినే.

ఎక్కడం ఇంజిన్ పని, దిగడం బ్రేకు పని. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. మనుషులతో కలిపి పదిహేను వందల కిలోల కారు అక్కడి నుంచి మా ఊరి మైదానానికి దిగేసరికి, ఆ ఎత్తంతా వేడిగా మారితే యాభై లీటర్ల నీళ్లు మరిగిపోతాయి. జాతీయ రహదారి మీద 90 కిలోమీటర్ల వేగంలో ఒక్కసారి గట్టిగా బ్రేకు వేసి ఆపితే వచ్చేది లీటరున్నర నీళ్లు మరిగించే వేడి. దారికీ దారికీ తేడా అంత. అందుకే "రెండో గేరులో దిగండి బాబూ, బ్రేకు మీద కాలు పెట్టి కూకోకండి" అని మెకానిక్ చెప్తాడు. వేడిలో కొంత ఇంజినే తీసుకోవాలి.

పాత అంబాసిడర్‌లో ఆ వేడి డ్రమ్ము లోపలే చిక్కుకునేది. డిస్కు బ్రేకుకు 1902లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేటెంటు తీసుకున్నా, ఆయన వాడిన రాగి ప్యాడ్లు భరించలేనంత చప్పుడు చేశాయి. సరైన ప్యాడ్ దొరికేదాకా ఆ డిస్కు యాభై ఏళ్లు ఎదురుచూసింది. 1953లో డిస్కు బ్రేకుల జాగ్వార్ ఫ్రాన్సులో లెమాన్స్ పందెం గెలిచాక అందరూ అటు తిరిగారు. మన దగ్గర మద్రాసులో 1962లో బ్రేక్స్ ఇండియా, 1964లో రాణే బ్రేక్ లైనింగ్ మొదలయ్యాయి. రాణే తర్వాత హైదరాబాద్‌లోనూ ఫ్యాక్టరీ పెట్టింది.

ఇక షెడ్డులో నా ముందున్న పెట్టెలు. కంపెనీ ప్యాడ్ వెనక రేకు మీద సన్నటి అక్షరాలు అచ్చుకొట్టి ఉన్నాయి. చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు జంటగా ఉంటే వాటిని చూడాలి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. 'ఇ' అయితే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అయితే 0.45 దాకా, 'జి' అయితే 0.55 దాకా. రెండో అక్షరం మొదటిదాని కన్నా దిగిపోయిందంటే కొండ దిగేటప్పుడు ఆ ప్యాడ్ చెయ్యిస్తుంది. కొండదారి వాళ్లు పెద్ద అక్షరం కన్నా, రెండూ ఒకటేగా ఉన్నదాన్ని ఎంచుకోవాలని నా అభిప్రాయం. అక్షరాలే లేనిదాన్ని ఎంత చవకైనా తాకను.

ప్యాడ్లలో రకాలూ ఉన్నాయి. సెరామిక్ ప్యాడ్లు పెద్దగా చప్పుడు చేయవు, చక్రాల మీద నల్లపొడి తక్కువ. ఊళ్లో తిరిగే కారుకు హాయి. ఉక్కుపొడి ఎక్కువ కలిపిన సెమీ మెటాలిక్ రకం వేడిని బాగా లాగేస్తుంది, బరువు బండ్లకూ ఘాట్ రోడ్డుకూ నిలుస్తుంది. కానీ డిస్కును తొందరగా అరగదీస్తుంది, చలిలో పొద్దున్నే కీచుమంటుంది. రాగి కలిపినవీ ఉన్నాయి. బ్రేకు పొడిలోని రాగి వానకు కొట్టుకుపోయి చేపలకు హాని చేస్తోందని అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లోనే చట్టాలు చేశాయి. 2025 నుంచి అక్కడ ప్యాడ్లలో రాగి అర శాతం మించకూడదు. నర్సీపట్నం పై కొండల్లో పుట్టిన వరాహ నది మా వైపు నుంచే సముద్రానికి పోతుంది. ఘాట్ మలుపుల్లో మనం రాల్చే పొడి వానాకాలంలో ఎటు చేరుతుందో ఆలోచిస్తే, ఆ చట్టం ఎక్కడో అమెరికాదే అనిపించదు.

నేను కంపెనీ పెట్టె వైపు చూపించాను. మెకానిక్ ఒక పక్కవే కాకుండా ముందు చక్రాలు రెండింటికీ కొత్తవి వేశాడు. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బండి పక్కకు లాగుతుంది. బ్రేకు ఆయిల్ మూత తీసి చూసి, రంగు మారిందని అదీ మార్చాడు. గాలిలో తేమను పీల్చుకున్న ఆయిల్ కొండమీద తొందరగా మరుగుతుంది, బుడగలొచ్చి పెడల్ లోపలికి పోతుంది. నా చలికాలపు భయానికి సగం కారణం ఆ ఆయిలే అయ్యుండవచ్చని అప్పుడు తెలిసింది.

"ఇప్పుడే కొండెక్కకండి. కోటవురట్ల దాకా ఎళ్లి, మెల్లగా ఇరవై ముప్ఫై సార్లు బ్రేకు తొక్కుతూ రండి. కొత్త ప్యాడ్ డిస్కుకి అలవాటు పడాల" అన్నాడు. తోటల మధ్య దారిలో వెళ్లాను. యాభైకి పెంచడం, ఇరవైకి తగ్గించడం, మళ్లీ పెంచడం. మొదట్లో పట్టు కొంచెం వదులుగా అనిపించింది. తిరిగి అడ్డురోడ్డు చేరేసరికి కాలి కింద పెడల్ గట్టిపడింది.