వరస మారితే గంటలు మారకూడదు

అన్నలూ తమ్ముళ్లూ, ఎపిసోడ్‌లో గబగబా చెప్పేసిన సంగతి ఇక్కడ నిదానంగా రాస్తున్నా.

నేనుండే బాతెల్‌కి రెడ్‌మండ్ దగ్గరే. 1986 నుంచి మైక్రోసాఫ్ట్ మెయిన్ ఆఫీసు అక్కడే. మనం టైమ్ షీట్లు రాసుకునే ఎక్సెల్ వాళ్లదే. ఒకసారి సైట్ టైమ్ షీట్‌ని పేర్ల వరసలో పెట్టడానికి చిన్న మాక్రో రాశాను. తప్పు నాదే, పేర్ల కాలమ్ ఒక్కటే ఇచ్చాను. పేర్లు కదిలాయి, గంటలు కదల్లేదు. ఒకరి ఓటీ ఇంకొకరి ఖాతాలో పడింది. చేత్తో సార్ట్ చేస్తే పక్క కాలమ్‌లు కూడా కలపాలా అని ఎక్సెల్ అడుగుతుంది. మాక్రోలో అడగదు, చెప్పిందే చేస్తుంది.

పాత కార్డుల్లో ఈ తప్పుకి చోటే లేదు. 1890 అమెరికా జనాభా లెక్కలకి హెర్మన్ హాలరిత్ మనిషికో అట్ట కార్డు పెట్టాడు. వయసు, పుట్టిన చోటు, చేసే పని అన్నీ దానిమీదే బెజ్జాలుగా ఉండేవి. కార్డు ఎటు పోతే మనిషి లెక్కంతా అటే. ఆయన కంపెనీ 1911లో వేరే కంపెనీలతో కలిసింది, 1924లో దాని పేరు ఐబీఎం అయింది. 1928లో కార్డుకి 80 కాలమ్‌లు వచ్చాయి.

సార్టింగ్ మిషన్ ఒక్కో విడతకి ఒక్క కాలమే చూసేది. అందుకే వెనక నుంచి మొదలెట్టేవాళ్లు. 372, 315, 341 అనే కార్డులున్నాయనుకోండి. ముందు ఒకట్ల స్థానం చూస్తే 341, 372, 315. తర్వాత పదుల స్థానం చూస్తే 315, 341, 372. వందలు అన్నిటికీ ఒకటే కాబట్టి వరస అలాగే నిలుస్తుంది. సమానమైన కార్డుల పాత వరస చెదరకూడదు, కిటుకంతా అదే.

1993లో ఎక్సెల్ 5తో వీబీఏ వచ్చింది. అందులో సార్ట్ కమాండ్‌కి ఒకేసారి మూడు కాలమ్‌లే ఇవ్వగలం. నాలుగోది కావాలంటే? తక్కువ ముఖ్యమైన కాలమ్‌తో ముందు ఒకసారి సార్ట్ చేసి, మిగతా మూడింటితో మళ్లీ చేయాలి. కార్డుల నాటి పద్ధతే! 2007 ఎక్సెల్‌లో ఆ హద్దు 64కి పెరిగింది.

మాక్రో రాసే తమ్ముళ్లు టేబుల్ మొత్తం ఇవ్వండి. మొదట్లో సీరియల్ నంబర్ కాలమ్ పెట్టుకుంటే, దానితో మళ్లీ సార్ట్ చేసి పాత వరస తెచ్చుకోవచ్చు. రాయనివాళ్లు జీతం రోజుకి ముందే షీట్ అడిగి, మీ పేరు పక్కనున్న గంటలు మీవేనా చూసుకోండి. అవి మీ చెమట లెక్క.