ఐ.పి. పెట్టినవాడు, అప్పు ఇచ్చినవాడు



మన ప్యాపిలిలో గాని, డోన్‌లో గాని ఒక వ్యాపారి దుకాణం మూసివేస్తే జనం అనే మాట మీకు తెలుసు: "ఐ.పి. పెట్టాడు." వెంటనే రెండో మాట: "డబ్బు ఎక్కడో దాచే ఉంటాడు." ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. ఆ మాట ఇంగ్లీషు కోర్టుల నుండి వచ్చింది. అనుమానం మాత్రం మనకు ముందునుండే ఉంది!

18వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ అనుమానాన్ని చట్టంగానే వ్రాసుకున్నారు. 1732 నాటి చట్టం ప్రకారం దివాలా తీసిన వ్యాపారి 42 రోజులలోగా అధికారుల యెదుట హాజరై, ఉన్నదంతా ఒప్పజెప్పాలి. హాజరు కాకపోయినా, 20 పౌండ్ల విలువైన ఆస్తి దాచినా ఉరిశిక్షే. నిజాయితీగా ఒప్పజెప్పినవానికి విడుదల పత్రం కావాలంటే, అప్పు ఇచ్చినవారిలో ఐదింట నాలుగు వంతులమంది సమ్మతించాలి. ఒక మనిషి మళ్ళీ తల ఎత్తుకొని బ్రతకడం వారి సంతకం మీద ఆధారపడి ఉండేది. 1761లో జాన్ పెరాట్ అనే లండన్ బట్టల వ్యాపారిని ఆస్తి దాచినందుకు నిజంగానే ఉరి తీశారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1906లో ప్యాపిలి, కర్నూలు అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ అంటే పెద్ద పేరు. దొరల కంపెనీ, డబ్బు ఎక్కడికి పోతుంది అనుకొని ఉద్యోగులు, వకీళ్ళు, పెన్షను తీసుకొనేవారు తమ కూడబెట్టినది అందులో వేశారు. ఆ సంవత్సరం అక్టోబరు 20న లండన్‌లోని భాగస్వామి మాక్‌ఫాడియన్ రైలు క్రింద పడి ప్రాణం తీసుకున్నాడు. అతని జూద వ్యాపారంలో నష్టాలు పేరుకొనిపోయాయి. 22న మద్రాసు కంపెనీ చెల్లింపులు ఆపివేసింది.

అప్పుడు ఋణదాతలు ఊరుకోలేదు. లెక్కలు అడిగారు, కోర్టుకు వెళ్ళారు. సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన కారాగారశిక్ష పడింది. ఇక్కడ అనుమానం న్యాయమైనదే అని నా అభిప్రాయం. పుస్తకాలు తెరిపించడం పాపం కాదు. గృహనిర్వాహకుని లెక్క అప్పగించమన్న యజమానుని ఉపమానం ప్రభువే చెప్పారు.

అయితే పెరాట్ మోసగాడే అయినా ఉరి న్యాయమా? ఋణస్థుని గొంతు పట్టుకొన్న దాసుని సంగతి మత్తయి సువార్త 18వ అధ్యాయములో చదువుతాము. అతడు అడిగినది తనకు రావలసినదే కదా! తప్పు అడగడంలో లేదు, చెరసాలలో వేయించడంలో ఉంది. ఫిలేమోను విషయంలో పౌలు మరొక దారి చూపాడు: ఒనేసిము బాకీ ఉంటే తన లెక్కలో వ్రాసుకొమ్మని స్వదస్తూరితో వ్రాశాడు. అంటే బాకీ ఉంది అని దాచలేదు, మనిషినీ వదలలేదు.

మీ సంఘంలో దివాలా తీసిన సహోదరుడు ఉన్నాడా? ఆదివారం అతడు వెనుక తలుపు దగ్గర కూర్చుంటున్నాడా? మీకూ బాకీ ఉన్నాడేమో. అడగండి, లెక్క చూడండి. కాని మీ పిల్లకు వందనం చెప్పిన అతని పిల్లను పలకరించకుండా పోకండి.

మద్రాసులో ఆ దెబ్బ తగిలిన తర్వాత, వి. కృష్ణస్వామి అయ్యర్ మరికొందరితో కలిసి స్వదేశీ బ్యాంకు కోసం వాటాలు పోగుచేశారు. ఇండియన్ బ్యాంకు 1907 ఆగస్టు 15న తలుపులు తెరిచింది. ప్రజలు తమ సొమ్ము మళ్ళీ తీసుకొని వచ్చారు.