రాబోయే రాజు: బనగానపల్లె కాలజ్ఞానం, ఆర్థర్ కథ

కలియుగం చివర వీరభోగ వసంతరాయలు వచ్చి ధర్మం నిలబెడతాడన్న నమ్మకం తెలుగునాట లోతుగా పాతుకున్న చోట్లలో నంద్యాల జిల్లా బనగానపల్లె ఒకటి. 17వ శతాబ్దంలో పోతులూరి వీరబ్రహ్మం ఇక్కడ గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా కుదిరారని సంప్రదాయం చెబుతుంది. రవ్వలకొండ దగ్గర ఆవుల చుట్టూ కర్రతో గిరి గీసి, గుహలో కూర్చుని తాటాకుల మీద ఆ రాకను చెప్పే కాలజ్ఞానం రాసేవారట. ఒక్క ఆవూ ఆ గీత దాటేది కాదు. సంగతేమిటో చూద్దామని వెంట వెళ్లిన అచ్చమ్మ చివరికి ఆయనకే శిష్యురాలైంది.

ఈ రాబోయే రాజు కథకు బ్రిటన్‌లో ఒక దూరపు చుట్టం ఉంది. 1136 ప్రాంతంలో జెఫ్రీ అనే రచయిత లాటిన్‌లో రాసిన బ్రిటన్ రాజుల చరిత్ర నుంచి, 1485లో అచ్చయిన థామస్ మలోరీ గ్రంథం దాకా ఆర్థర్ రాజు కథను నడిపించేది విధే. మలోరీ కథలో, మే నెల మొదటి రోజున పుట్టే బిడ్డ చేతిలో రాజ్యం నాశనమవుతుందని జోస్యుడు మెర్లిన్ చెబుతాడు. మన కంసుడి లాగే ఆర్థర్ కూడా ఆ రోజు పుట్టిన పసికందులను వెతికించి ఓడలో ఎక్కించి సముద్రంలోకి వదిలిస్తాడు. ఆ జోస్యంలోని బిడ్డ, బతకకూడని మోర్డ్రెడ్డే బతుకుతాడు. ఆఖరికి ఆర్థర్, మోర్డ్రెడ్ సంధి మాట్లాడుకుంటున్న వేళ ఒక యోధుడి పాదాన్ని పాము కాటేస్తుంది. దాన్ని చంపడానికి అతను కత్తి దూస్తాడు. ఆ కత్తి చూసి రెండు సేనలూ కలబడతాయి. అంత పెద్ద కథలో విధి ఇంత చిన్నగా, ఇంత క్రూరంగా పనిచేసిన చోటు మరొకటి లేదు. అయినా ఆ యుద్ధంలో ఆర్థర్ చనిపోలేదని, మళ్లీ వస్తాడని జనం నమ్మారు. 1191లో గ్లాస్టన్‌బరీ సన్యాసులు అతని సమాధి దొరికిందని ప్రకటించినా ఆ నమ్మకం పోలేదు.

వసంతరాయల పేరు వీరబ్రహ్మంతోనే పుట్టింది కాదు. కన్నడ కాలజ్ఞానాల్లోనూ వినిపిస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధంతో విజయనగరం కూలింది. రాజు పోయిన నేలలో రాబోయే రాజు మీద ఆశ పెరగడం వింత కాదు. కాకపోతే బనగానపల్లె సంప్రదాయం ఒక కొత్త మలుపు తిప్పింది: జోస్యం చెప్పిన వీరబ్రహ్మమే వసంతరాయలుగా తిరిగి వస్తారంది. మెర్లిన్, ఆర్థర్ ఇక్కడ ఒక్కరే. పైగా ఆర్థర్ బల్ల చుట్టూ కూర్చున్నది దొరలు. వీరబ్రహ్మం విశ్వబ్రాహ్మణుల ఇంట పెరిగినవారు. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య పేరుపొందారు. ఆర్థర్ కథలో విధి ఒక రాజవంశాన్ని కూలుస్తుంది. కాలజ్ఞానంలో లోకం మొత్తాన్నీ తలకిందులు చేస్తుంది.

ఆ విధికి ఈ సీమలో కళ్లెదుట కనిపించే గుర్తు యాగంటి గుడిలోని నంది. అది ఏటేటా పెరుగుతోందని, ఒకప్పుడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లని స్థానికులు అంటారు. యుగాంతంలో ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానం మాట.

ఏ వింత జరిగినా “బ్రహ్మంగారు ఆనాడే చెప్పారు” అనడం ఊరూరా ఉన్నదే. అచ్చు ప్రతులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. జరిగిపోయిన వాటిని జోస్యాలుగా చేర్చారన్న అనుమానం తప్పదు. ఆ పని జెఫ్రీ కూడా చేశాడు, మెర్లిన్ నోట తన కాలానికి ముందు జరిగినవాటినే పలికించాడు. 1984లో విడుదలైన ఎన్టీఆర్ సినిమా బ్రహ్మంగారి జోస్యాలను తెలుగువారందరికీ మరోసారి వినిపించింది.

బనగానపల్లె నుంచి ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా వెళ్తే వచ్చే కందిమల్లాయపల్లెలో, సంప్రదాయం ప్రకారం 1693లో, వీరబ్రహ్మం జీవసమాధి అయ్యారు. బ్రహ్మంగారి మఠంగా పేరుపడిన ఆ ఊళ్లో ఏటా వైశాఖ శుద్ధ దశమికి ఆరాధన జరుగుతుంది.