అమ్మా, ఫోన్ ఎత్తొద్దు!

కంట్రోలర్ గట్టిగా పట్టుకో. ఇవాళ 2001 జనవరి 31. అమెరికాలో ఒక చిన్న ఊరు, రాత్రివేళ, నీ గది. గోడకున్న ఫోన్ సాకెట్ నుంచి సన్నటి వైరు కార్పెట్ మీదుగా వచ్చి టీవీ కింద ఉన్న సెగా వాళ్ల తెల్లటి గేమ్ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ వెనకాల దూరింది. దాన్ని తొక్కకు. నిన్ను ఆటలోని మిగతా ముగ్గురితో కలిపి ఉంచింది అదొక్కటే.

తెర మీద ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ గేమ్. నలుగురూ కలిసి అడవి దాటారు. ఒకతను జపాన్ నుంచి ఆడుతున్నాడు. అక్కడ ఇప్పుడు పగలు. నీకు జపనీస్ ముక్క రాదు. మెనూలో సాయం అడిగే మాట ఒకటి ఎంచుకుంటావు. అతని తెర మీద అది జపనీస్‌లో పడుతుంది. వెంటనే పరుగున వచ్చి నీ పక్కన నిలబడతాడు.

గదిలో నీ పక్కన కూర్చున్న స్నేహితుడు మాత్రం తెర చూడట్లేదు.

"విన్నావా? మార్చి తర్వాత సెగా దీన్ని తయారు చెయ్యదట."

నీ అరచేతులు చల్లబడతాయి.

"ఎందుకు? ప్లేస్టేషన్ 2లో మోడెమే లేదు. ఇందులో 56కె మోడెమ్ పెట్టి మరీ ఇచ్చారు!"

"మోడెమ్ ఒక్కటీ ఉంటే చాలా? ఈఏ వాళ్లు దీనికి ఒక్క గేమైనా చేశారా? ఫైనల్ ఫాంటసీ వచ్చిందా? ఈఏ వాళ్ల మ్యాడెన్ ఫుట్‌బాల్ కావాలనే మా అన్నయ్య ప్లేస్టేషన్ కొన్నాడు."

అరలోని గేముల వైపు చూస్తావు. సోనిక్, క్రేజీ టాక్సీ, ఎన్‌ఎఫ్‌ఎల్ 2కె1. మూడూ సెగావే. సోల్‌కాలిబర్ ఒక్కటే నామ్కోది. మ్యాడెన్ రాలేదని సెగా తన ఫుట్‌బాల్ తనే చేసుకుంది, ఫోన్ లైన్ మీద ఆడించింది కూడా. కానీ ఒంటిచేత్తో ఎన్నాళ్లు? కొనేవాళ్లు ఎటుంటే బయటి కంపెనీలు అటు పోతాయి. గేములు ఎటుంటే కొనేవాళ్లూ అటే.

నేల కంపిస్తుంది.

డ్రాగన్!

నిప్పు కక్కుతోంది. పక్కకి దూకు! నీ ప్రాణం సగానికి పడింది. జపాన్ అతను కూలిపోయాడు. అతని చేతిలోని ఆయుధం కింద పడింది. ఎవరైనా తీసుకోవచ్చు. అరుదైనది. నువ్వూ తీసుకోవచ్చు.

ముందు అతన్ని లేపుతావా? ఆయుధం ఏరుకుంటావా?

మేడ మీద అడుగుల చప్పుడు. అమ్మ ఫోన్ దగ్గరికి నడుస్తోంది. రిసీవర్ ఎత్తిందా, లైన్ తెగుతుంది.

"అమ్మా! ఎత్తొద్దు!"

అడుగులు ఆగాయి.

కూలినవాళ్లని లేపే మూన్ అటమైజర్ వాడతావు. అతను లేచాడు. ఆయుధం అతనే తీసుకున్నాడు. కొట్టు. మళ్లీ కొట్టు. డ్రాగన్ కూలింది.

అతని తల మీద ఒక చిన్న మాట మెరుస్తుంది, నీ భాషలో: థాంక్యూ.

నీ గొంతు పట్టేస్తుంది. ఆడేవాళ్లని కలిపే తీగ వేశారు. గేములు చేసేవాళ్లని కట్టిపడేసే తీగ దొరకలేదు. పెట్టె నిలబడాలంటే రెండూ కావాలి.

స్నేహితుడు టీవీ దగ్గరికి జరుగుతాడు.

"తర్వాత ఏముంది?"

"గుహలు."

"అయితే పద."